ముందు జాగ్రత్త వైద్యానికి ప్రభుత్వం పెట్టే ఖర్చు గిట్టుబాటవుతుందా?

మీ ప్రశ్నను నేను ఇలా అర్థం చేసుకున్నాను. రాజోలు వైపున ఉన్న మీ ఊరికి ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్త ఏడాది పొడవునా ఏదో ఒక పని మీద వస్తూనే ఉంటారు. ఒకసారి బీపీ చూస్తారు, ఒకసారి బోదకాలు మాత్రలు ఇస్తారు, మరోసారి క్యాన్సర్ పరీక్ష అంటారు. జబ్బు లేనివారి మీద పెట్టే ఈ డబ్బును అమలాపురంలో ఒక మంచి ఆసుపత్రికి పెడితే జబ్బుపడినవారయినా బాగుపడతారు కదా అని, పైగా ముందు జాగ్రత్త వైద్యం వల్ల డబ్బు ఆదా కాదని విదేశాల అధ్యయనాలే తేల్చాయట కదా అని మీరు అడిగారు. గోదావరి డెల్టాలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో వైద్యాధికారిగానూ, ఆ తరువాత జిల్లా స్థాయిలో వ్యాధి నివారణ కార్యక్రమాలలోనూ పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని కనుక, నాకు తెలిసినంతవరకు వివరంగానే చెబుతాను.

నా సమాధానం: అవును, గిట్టుబాటవుతుంది. అయితే అన్నీ కాదు, ఎలా చేసినా కాదు. టీకాలు, మంచినీటి శుద్ధి, బోదకాలు మాత్రలు వంటివి పెట్టిన డబ్బుకు ఎన్నో రెట్లు తిరిగి ఇస్తాయి. బీపీ, షుగరు వంటి వాటికి ఊరూరా చేసే వైద్యం ప్రభుత్వ ఖజానాకు డబ్బు మిగల్చకపోవచ్చు, కానీ తక్కువ ఖర్చుతో ఆరోగ్యవంతమైన సంవత్సరాలను కొనిపెడుతుంది. ఏ లక్షణమూ లేనివారికి అన్ని పరీక్షలూ చేసే శిబిరాలు చాలావరకు వృథా. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టడం వల్లనే వాదన తెగదు. పైగా వీటన్నిటిలోనూ ఖర్చు ఫలిస్తుందా లేదా అన్నది పరీక్ష చేసిన రోజున తేలదు. ఆ తరువాత ఎవరైనా తిరిగి వచ్చారా, మాత్ర నిజంగా నోట్లో పడిందా అన్న దగ్గర తేలుతుంది. నేను ప్రధానంగా చెప్పదలచుకున్నది ఇదే.

ముందుగా మీరు ప్రస్తావించిన అధ్యయనాల సంగతి. మీరు విన్నది అబద్ధం కాదు. 2008లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక విశ్లేషణ, అప్పటివరకు లెక్కగట్టిన నివారణ చర్యలలో నిజంగా డబ్బు మిగిల్చేవి 20 శాతం లోపేనని చూపింది. అయితే దీనిని ఉదహరించేవారు అందులోని రెండో సగాన్ని వదిలేస్తారు: జబ్బు వచ్చాక చేసే చికిత్సల లెక్క కూడా ఇంచుమించు అలాగే ఉంది. గుండె ఆపరేషన్ వల్ల ప్రభుత్వానికి డబ్బు మిగులుతుందా అని ఎవరూ అడగరు, మనిషి బతికాడా అని అడుగుతారు. నివారణ దగ్గరకు వచ్చేసరికి మాత్రం లాభం చూపించమంటారు. ఒకే ఖజానా నుంచి వెళ్ళే రెండు ఖర్చులకు రెండు కొలతలు పెట్టడం న్యాయం కాదు. ఇంత డబ్బుకు ఎంత ఆయుష్షు, ఎంత ఆరోగ్యం వచ్చింది అన్న ఒక్క కొలతనే రెండింటికీ పెట్టాలి.

డబ్బు నిజంగానే మిగిలిన సందర్భాలూ ఉన్నాయి. 1970ల చివరికి ముందు పుట్టినవారి జబ్బ మీద మశూచి టీకా మచ్చ కనిపిస్తుంది, ఆ తరువాతి తరాలకు ఆ మచ్చ లేదు. 1967 నుంచి 1980 వరకు ప్రపంచమంతటా మశూచి నిర్మూలనకు అయిన ఖర్చు దాదాపు 30 కోట్ల డాలర్లు. మన దేశం 1977లో ఆ జబ్బు నుంచి విముక్తమైనట్లు ప్రకటన పొందింది, ఆ తరువాత టీకా కొనవలసిన అవసరమే పోయింది. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది, 2014 మార్చిలో పోలియో రహిత ధ్రువీకరణ వచ్చింది. బాలింతలకు, పురిటి బిడ్డలకు వచ్చే ధనుర్వాతాన్ని అదుపులోకి తెచ్చిన రాష్ట్రంగా దేశంలో మొదట నిర్ధారణ పొందింది 2003లో మన ఆంధ్రప్రదేశే. గర్భిణికి ఇచ్చిన టీకా, కాన్పుకు శుభ్రమైన బ్లేడు, బొడ్డుకు శుభ్రమైన దారం, వీటి ఖరీదు ఎంత?

ఇక మన డెల్టాకే ప్రత్యేకమైన బోదకాలు విషయానికి వస్తాను, ఎందుకంటే మీ ప్రశ్నకు ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు. కాలువలు, మురుగు కోడులు, కొబ్బరి పీచు నానబెట్టే గుంటలు, మూత సరిగా లేని సెప్టిక్ ట్యాంకులు ఉన్న చోట క్యూలెక్స్ దోమకు కొదవ లేదు. ఆ దోమ మోసుకొచ్చే పురుగు శోషరస నాళాలలో, అంటే ఒంట్లోని నీటిని తిరిగి రక్తంలోకి చేర్చే సన్నని గొట్టాలలో, ఏళ్ళ తరబడి బతుకుతుంది, లక్షల పిల్లపురుగులను రక్తంలోకి వదులుతుంది. ఆ పిల్లపురుగులు పగలు లోపలి రక్తనాళాలలో దాక్కొని, దోమ కుట్టే వేళకు, అంటే రాత్రి పూట, చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. అందుకే మేము రక్త నమూనాలకు రాత్రి ఎనిమిదిన్నర దాటాకే బయలుదేరేవాళ్ళం. టార్చిలైటు, గాజు పలకల పెట్టె, స్పిరిట్ దూది, సూదులు, పేర్లు రాసుకునే పుస్తకం, ఇంతే సామాను. అప్పటికే చాపల మీద పడుకున్న పిల్లలను లేపవద్దని, అలాగే వేలు పొడిచి చుక్క తీసుకోమని నాయనమ్మలు అడిగేవారు. మర్నాడు ఆ ఎండిన చుక్కకు రంగు పట్టించి మైక్రోస్కోపు కింద పెడితే, ముందురోజు నవ్వుతూ వేలు చాపిన ఇరవై ఏళ్ళ కుర్రవాడి రక్తంలో మెలికలు తిరిగిన సన్నని పురుగులు కనిపించేవి. అతని కాలికి వాపు లేదు, జ్వరం లేదు. తనకు ఏ జబ్బూ లేదని అతను నమ్మకంగా చెప్పేవాడు.

జబ్బు లేనివారి మీద డబ్బు ఎందుకని మీరు అడిగిన మాటకు సమాధానం ఇక్కడ ఉంది. ఆ కుర్రవాడికి ఇచ్చే మాత్ర అతని కోసం ఎంతో, అతని పక్కింటివారి కోసం కూడా అంతే. పెద్దవారికి మూడు డీఈసీ మాత్రలు, ఒక ఆల్బెండజోల్ మాత్ర, ఏడాదికి ఒక్కసారి, భోజనం చేశాక. గర్భిణులకు, రెండేళ్ళలోపు పిల్లలకు, తీవ్రమైన జబ్బుతో ఉన్నవారికి ఇవ్వరు. మొత్తం జనాభాలో కనీసం 65 శాతం మంది వరసగా ఐదారేళ్ళు మింగితే, పెద్ద పురుగులు ముసలివై చచ్చేదాకా దోమకు పిల్లపురుగులు దొరకవు, గొలుసు తెగుతుంది. ఈ మాత్రల ఖర్చు మనిషికి కొద్ది రూపాయలే. మరోవైపు, రెండు కాళ్ళకూ నాలుగో దశ బోదకాలు ఉన్నవారికి మన రాష్ట్ర ప్రభుత్వం 2024 నుంచి నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తోంది. ఇది ఇవ్వవలసిన పింఛనే, నేను దానిని తప్పుపట్టడం లేదు. కానీ ఒక్క మనిషికి ఏడాదికి 1,20,000 రూపాయలు. ఆ డబ్బుతో ఒక పెద్ద ఊరికి ఊరంతటికీ మాత్రలు మింగించవచ్చు. పైగా ఆ స్థితికి వచ్చిన కాలును ఏ ఆసుపత్రీ మామూలు కాలుగా మార్చలేదు. రోజూ కడిగి తుడుచుకోవడం, పుండ్లు పడకుండా చూసుకోవడం, కాలు ఎత్తుగా పెట్టుకోవడం మాత్రమే మిగులుతాయి. అంటే ఇక్కడ మీరు చెప్పిన మంచి ఆసుపత్రి కట్టినా, అందులో ఈ రోగికి చేయగలిగింది కొంచెమే.

మరి ఇంత సులువైతే ఇంకా ఎందుకు పోలేదు? 2002 నాటి జాతీయ ఆరోగ్య విధానం బోదకాలును 2015 నాటికి నిర్మూలించాలన్నది. ఆ గడువు జరుగుతూ జరుగుతూ ఇప్పుడు 2027కు చేరింది. కారణాలలో ప్రధానమైనది, మాత్ర పంచడం వేరు, మింగించడం వేరు అన్నది. మాత్రలు తీసుకొని, అన్నం తిన్నాక వేసుకుంటామని గూట్లో పెట్టేవారు; ఆ మరుసటి ఏడాది మేము వెళ్ళేసరికి పాత మాత్రలు దేవుడి పటం వెనకాల అలాగే ఉండేవి. రిజిస్టరులో మాత్రం ఆ ఇంటికి పంపిణీ పూర్తయినట్లే లెక్క. మాత్ర వేసుకున్నవారిలో కొందరికి జ్వరమో తల తిరగడమో వస్తే, ఆ సంగతి వీధంతా పాకి మిగిలినవారు మానేసేవారు. నిజానికి ఒంట్లో పురుగు ఉన్నవారికే ఆ లక్షణాలు ఎక్కువగా వస్తాయి, చచ్చిపోతున్న పురుగుల వల్ల. ఈ మాటను ముందుగానే, ఇంటి అరుగు మీద కూర్చొని చెప్పిన ఏఎన్‌ఎం ఉన్న ఊళ్ళో మాత్రలు మింగేవారు. హడావిడిగా సంచీ మోసుకెళ్ళి పంచిన ఊళ్ళో మింగేవారు కాదు. రెండు ఊళ్ళలోనూ మాత్రల ఖర్చు ఒక్కటే. ఫలితం మాత్రం ఒక్కటిగా కనిపించింది రిజిస్టరులోనే.

బీపీ, షుగరు సంగతి దీనికన్నా చిక్కైనది. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామాలలో, చనిపోయినవారి ఇళ్ళకు వెళ్ళి కుటుంబ సభ్యులను అడిగి మరణ కారణాలను నమోదు చేసిన అధ్యయనం ఒకటి జరిగింది. ప్రతి మూడు మరణాలలో దాదాపు ఒకటి గుండె, రక్తనాళాల జబ్బుల వల్లనే అని తేలింది. పల్లెటూళ్ళలో ఇంకా అంటువ్యాధులే ఎక్కువ ప్రాణాలు తీస్తున్నాయని అనుకుంటున్న కాలంలో వచ్చిన లెక్క అది. కనుక బీపీ మీద డబ్బు పెట్టాలన్నది నిర్వివాదం. అయితే ఇది ఖజానాకు మిగులు చూపుతుందని వాదించేవారితో నేను ఏకీభవించను.

ఎందుకో ఒక ఊహాలెక్కతో చూపిస్తాను. మందులు వాడకపోతే వెయ్యిమంది బీపీ ఉన్నవారిలో పదేళ్ళలో 80 మందికి పక్షవాతం వస్తుందనుకుందాం. పై బీపీ 10 పాయింట్లు తగ్గితే పక్షవాతం ముప్పు నాలుగో వంతుకు కాస్త ఎక్కువగానే తగ్గుతుందని పెద్ద అధ్యయనాలు చెబుతున్నాయి కనుక, మందుల వల్ల 20 మందికి పక్షవాతం తప్పుతుంది. మాత్ర రోజుకు రూపాయి అనుకుంటే వెయ్యిమందికి పదేళ్ళకు 36,50,000 రూపాయలు, అంటే తప్పిన ఒక్కొక్క పక్షవాతానికి మందుల ఖర్చే 1,82,500. సిబ్బంది జీతాలు దీనికి అదనం. ఆరోగ్యశ్రీ వంటి ఉచిత వైద్య పథకం కింద ఒక పక్షవాత రోగిని ఆసుపత్రిలో చేర్చుకొని పంపడానికి ప్రభుత్వానికి ఇంతకన్నా తక్కువే కావచ్చు. కనుక ఖజానా లెక్కలో ఇది నష్టంగానే కనిపించవచ్చు.

కానీ ఆ లెక్క ఆసుపత్రి గుమ్మం దగ్గర ఆగిపోతుంది. నా దగ్గరకు వచ్చే కొబ్బరి దింపు కార్మికుడు ఒకాయనకు నలభై ఏళ్ళు దాటాయో లేదో, బీపీ 180 పైన ఉండేది. రెండు నెలలు మాత్రలు వాడి, తల బరువు తగ్గిందని, ఒళ్ళు తేలికగా ఉందని మానేశారు. అదే సమయంలో ఆ ఊరి ఏఎన్‌ఎం బదిలీ అయి, కొన్ని నెలలు ఆ స్థానం ఖాళీగా ఉండిపోయింది, అడిగే మనిషి లేకపోయారు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాక ఆయనకు పెద్దాసుపత్రిలో వైద్యం ఉచితంగానే జరిగింది. ఆ తరువాత ఆయన చెట్టు ఎక్కలేదు. భార్య పీచు మిల్లు కూలి మానుకొని ఇంటి దగ్గర ఉండవలసి వచ్చింది, పదో తరగతి చదువుతున్న కొడుకు చదువు ఆపి చేపల చెరువు మీద కాపలాకు వెళ్ళాడు, ఇల్లు కట్టుకుందామని కొనుక్కున్న కొద్ది సెంట్ల స్థలం అమ్ముడుపోయింది. ఇవేవీ ప్రభుత్వ ఖర్చు పట్టికలో కనిపించవు. ప్రజల డబ్బుతో నడిచే వైద్యం లెక్కను ప్రజల ఇంటి ఖర్చును వదిలేసి వేయడం నాకు ఎన్నడూ సమ్మతం కాలేదు.

ఆ ఊహాలెక్కనే ఇంకొంచెం జాగ్రత్తగా వేస్తే మరొక విషయం బయటపడుతుంది. అందరినీ కాకుండా, బీపీ బాగా ఎక్కువగా ఉండి దానితోపాటు షుగరో పొగాకు అలవాటో ఉన్న వెయ్యిమందిని మొదట పట్టుకుంటే, వారిలో పదేళ్ళకు 200 మందికి పక్షవాతం వచ్చే ముప్పు ఉందనుకుంటే, అదే 36,50,000 రూపాయలతో 50 మందికి తప్పుతుంది, ఒక్కొక్కరికి 73,000. మందు మారలేదు, ఖర్చు మారలేదు, ఎవరికి ముందుగా ఇస్తున్నాం అన్నది మాత్రమే మారింది. లంక పొగాకు చుట్ట ఇప్పటికీ మానని పెద్దలు మన దగ్గర ఎందరో ఉన్నారు, వారి నుంచి మొదలుపెట్టాలి. నోటి క్యాన్సర్ విషయంలోనూ ఇదే తేలింది. తిరువనంతపురం జిల్లాలో శిక్షణ పొందిన కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళి నోరు పరీక్షించినప్పుడు, పొగాకు లేదా మద్యం అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయి. ఆ అలవాట్లు లేనివారిలో చెప్పుకోదగ్గ ప్రయోజనం కనిపించలేదు. ముంబై మురికివాడలలో 1998లో మొదలైన మరో అధ్యయనంలో, శిక్షణ పొందిన మామూలు మహిళా కార్యకర్తలు పలుచటి ఎసిటిక్ ఆమ్లం రాసి కంటితో చూసే పరీక్ష వల్ల గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. మీ ఊళ్ళో మహిళలు సిగ్గుపడి తప్పించుకుంటున్న పరీక్ష ఇదే. దయచేసి మీ ఇంట్లో ముప్పై దాటిన ఆడవారిని వెళ్ళమని చెప్పండి.

ఇక వృథా అని నేను అన్నవాటి సంగతి. ఏ లక్షణమూ లేని పెద్దలకు సాధారణ ఆరోగ్య పరీక్షలు చేయడం మీద జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2019లో చూసినప్పుడు, 2,50,000 మందికి పైగా పాల్గొన్న ఆ సమాచారంలో మరణాలు తగ్గినట్లు ఆధారం దొరకలేదు. దక్షిణ కొరియాలో 1999 తరువాత క్యాన్సర్ పరీక్షలతోపాటు థైరాయిడ్ స్కాన్ కూడా విరివిగా చేశారు. 1993తో పోలిస్తే 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ నిర్ధారణలు 15 రెట్లు పెరిగాయి, మరణాలు మాత్రం తగ్గలేదు. ఎన్నడూ హాని చేయని గడ్డలకు వేలమంది గొంతు కోయించుకొని, జీవితాంతం మాత్రలకు అంటుకుపోయారు. ఊరి బడి ఆవరణలో బస్సు పెట్టి, తల నుంచి పాదాల దాకా అన్ని పరీక్షలూ ఉచితం అని మైకులో చెప్పే శిబిరాలను చూసినప్పుడు నాకు ఇదే గుర్తుకొస్తుంది. మరునాడు ఆ బస్సు వెళ్ళిపోతుంది. కాగితంలో ఒక అంకె కింద ఎర్రగీత చూసి బెదిరిపోయినవారు అప్పు చేసి పట్నానికి పరిగెత్తుతారు. నిజంగా బీపీ 170 ఉన్నవారు కాగితం మడిచి బీరువాలో పెట్టి ఊరుకుంటారు. రెండోసారి రాని పరీక్షకు ప్రజల డబ్బు పెట్టకూడదు అన్నది నా దృఢమైన అభిప్రాయం.

వైద్యశాఖ పద్దులో కనిపించని నివారణ కూడా ఉంది, మన డెల్టాలో అది చాలా ముఖ్యం. సముద్రం వైపు మండలాలలో బోరు నీళ్ళు ఉప్పన, కాలువ నీటితో నింపుకున్న చెరువే దిక్కు. వేసవిలో కాలువలు కట్టేసే ముందు చెరువు నిండిందా, ఫిల్టర్ బెడ్డులో ఇసుక మార్చారా, చివరి కుళాయి దగ్గర లీటరు నీటిలో కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉందా అన్నవి చూడడానికి డాక్టరు అక్కరలేదు. చిన్న సీసాలో నీరు పట్టి నాలుగు చుక్కల రసాయనం వేస్తే పసుపు రంగు వస్తుంది, రాకపోతే క్లోరిన్ లేనట్లే. సెప్టిక్ ట్యాంకు గొట్టానికి చిన్న వల కట్టడం కూడా ఇలాంటిదే. పంచాయతీలో ఇవి ఆగిపోతే వచ్చే విరేచనాలకూ దోమలకూ ఆసుపత్రి ఎంత పెద్దదైనా చాలదు.

ఆసుపత్రి వద్దని నేను అనడం లేదు. గుండెపోటు వచ్చినవారికి, కష్టమైన కాన్పుకు, బోదకాలు వల్ల వచ్చే వరిబీజానికి ఆపరేషన్ చేయడానికి దగ్గరలో మంచి ఆసుపత్రి ఉండి తీరాలి. 2017 జాతీయ ఆరోగ్య విధానం ప్రభుత్వ ఆరోగ్య వ్యయాన్ని 2025 నాటికి జాతీయోత్పత్తిలో 2.5 శాతానికి చేర్చాలని, అందులో మూడింట రెండు వంతులు ప్రాథమిక వైద్యానికి ఇవ్వాలని చెప్పింది. ఆ వాటా సరైనదే అని నా అనుభవం. ఆసుపత్రి కట్టడం కళ్ళకు కనిపిస్తుంది, శిలాఫలకం ఉంటుంది. పక్షవాతం రాని మనిషి ఎవరో అతనికే తెలియదు, కనుక అతని తరఫున అడిగేవారు ఉండరు.

మీరు అడగగలరు. గ్రామసభలో కొత్త శిబిరం కావాలని అడగకండి. మీ ఊరి క్లినిక్‌లో బీపీ ఉన్నట్లు నమోదైనవారు ఎందరు, వారిలో గడిచిన మూడు నెలల్లో మళ్ళీ వచ్చి చూపించుకున్నవారు ఎందరు, చివరిసారి చూసినప్పుడు 140/90 లోపు ఉన్నవారు ఎందరు అని అడగండి. ఈ మూడు అంకెలు క్లినిక్ రిజిస్టరులో ఉండాలి. మూడో అంకె మొదటి దానిలో సగం కూడా లేకపోతే, మాత్రల నిల్వ ఏ నెలలో అయిపోయింది, ఏఎన్‌ఎం స్థానం ఎన్నాళ్ళు ఖాళీగా ఉంది అన్న ప్రశ్నలు వేసి, సమాధానాలను సభ తీర్మానాల పుస్తకంలో రాయించండి.